పాల కేంద్రం లెక్కలు సర్వర్ ఎక్కిన నెల

ఒంగోలుకు గంట దూరంలో ఒక పల్లెటూళ్ళో మా పిన్ని పాల కేంద్రం నడుపుతుంది. ఉదయం అయిదింటికి తలుపు తీస్తే, ఏడున్నరకు డెయిరీ వ్యాన్ వచ్చి క్యాన్లు ఎత్తుకెళ్ళేదాకా ఊపిరి సలపదు. సాయంత్రం అయిదు నుంచి మళ్ళీ అంతే. 62 మంది పాలు పోస్తారు, దాదాపు అన్నీ గేదె పాలే. ఒక్కొక్కరికి పూటకు మూడు అంకెలు రాయాలి: లీటర్లు, ఫ్యాట్ (కొవ్వు శాతం), ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా ఘన పదార్థం). వాటిని బట్టి రేటు, రేటును బట్టి డబ్బు. పదిహేను రోజులకొకసారి బిల్లు. అందరూ రెండు పూటలా పోస్తే ఒక్క బిల్లుకు 1,860 వరుసలు. పిన్ని వాటన్నిటినీ కాలిక్యులేటర్ మీద కొట్టి కూడేది. బిల్లు ముందు రెండు రాత్రులు ఆమెకు నిద్ర ఉండేది కాదు. ఎక్కడైనా ఒక్క అంకె తప్పితే, పాలు పోసిన మనిషి గుమ్మంలో నిలబడి అడుగుతారు. అడగడం వాళ్ళ హక్కు. అది వాళ్ళ గేదె, వాళ్ళ కష్టం.

నేను ఎంసీఏ చదివేటప్పుడు, పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక రాత్రిళ్ళు కూర్చుని రెండు నెలల్లో పిన్ని కోసం ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాశాను. కార్డు నంబరు కొడితే పేరు వస్తుంది. లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ కొడితే డబ్బు అదే లెక్క కడుతుంది. తారీఖు, పూట కూడా అదే వేసుకుంటుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్ తెరిచి చూపించాను. పిన్ని నాలుగు పాత లెక్కలు కొట్టి చూసింది, నోట్‌బుక్‌తో సరిపోయాయి. అప్పుడు అడిగింది: "బాగుందమ్మా. మరి ఇది నా ఫోన్లో వస్తుందా?"

ఆ ప్రశ్నకు అవునని చెప్పడానికి నాకు నెల పట్టింది. ఆ నెలలో తెలిసింది ఒకటే. నేను రాశాననుకున్న అప్లికేషన్‌లో సగం పని నా లాప్‌టాప్ నాకు చెప్పకుండా చేసిపెడుతోంది. సర్వర్ మీదికి వెళ్ళాక ఆ సగం ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటిగా బయటపడింది.

మొదట ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవాలి. దారులు రెండున్నాయి. ఒకటి, అమెజాన్ లాంటి వాళ్ళ దగ్గర ఒక ఖాళీ లినక్స్ యంత్రం అద్దెకు తీసుకోవడం. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్, అంటే దాని సర్వర్లుండే ప్రాంతం, ఉంది. మన లెక్కలు మన హైదరాబాద్‌లోనే ఉంటాయన్న ఆలోచన నన్ను చాలా లాగింది. కానీ ఖాళీ యంత్రం అంటే దాని ఆలనాపాలనా అంతా మనదే. సెక్యూరిటీ అప్‌డేట్లు, వెబ్ సర్వర్, సర్టిఫికెట్, డిస్క్ నిండితే ఖాళీ చేయడం అన్నీ. పగలు నాకు వేరే ఉద్యోగం ఉంది. రెండోది, కోడ్ ఇస్తే చాలు, మిగతాది తానే చూసుకునే ప్లాట్‌ఫామ్. 2007లో మొదలైన హెరోకు ఈ పద్ధతిని అలవాటు చేసింది. గిట్ అంటే కోడ్‌లో ప్రతి మార్పునూ దాచిపెట్టే పనిముట్టు. అందులోంచి కోడ్‌ను పుష్ చేస్తే, అంటే పైకి పంపితే చాలు, అదే బిల్డ్ చేసి (నడవడానికి సిద్ధం చేసి) నడిపేది. మా సీనియర్లు కాలేజీ ప్రాజెక్టులన్నీ దాని ఉచిత ప్లాన్‌లోనే పెట్టేవాళ్ళు. 2022 నవంబర్ 28తో ఆ ఉచిత ప్లాన్ ఆగిపోయింది. కానీ ఆ పద్ధతిలోనే నడిచే ప్లాట్‌ఫామ్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఎంచుకున్నాను. ఆసియాలో దానికి ఉన్న రీజియన్ సింగపూర్. దాన్నే పెట్టుకున్నాను.

గిట్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్‌లోకి నా కోడ్ ఎక్కించేటప్పుడే మొదటి తప్పు చేశాను. సెట్టింగ్స్ ఫైల్లో జాంగో సీక్రెట్ కీ ఉంటుంది. లాగిన్ సెషన్లు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు దాని మీదే ఆధారపడతాయి. అది ఉన్న ఫైల్‌ను అలాగే పుష్ చేశాను. తర్వాత గుర్తొచ్చి ఆ వరుస తీసేసి మళ్ళీ పుష్ చేశాను. కానీ గిట్ పాత కమిట్లను, అంటే అంతకుముందు దాచిన మార్పులను, మర్చిపోదు. ఎవరైనా వెనక్కి వెళ్ళి చూస్తే కీ అక్కడే ఉంటుంది. అందుకని కొత్త కీ తయారు చేసి, దాన్ని ప్లాట్‌ఫామ్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే కోడ్ బయట దాచే విలువగా, పెట్టాను. కోడ్‌లో ఇప్పుడు ఆ వేరియబుల్ పేరు మాత్రమే ఉంది. పాస్‌వర్డ్ బయటపడితే దాచేయడంతో సరిపోదు, మార్చేయాల్సిందే.

మొదటి డిప్లాయ్, అంటే అప్లికేషన్‌ను సర్వర్ ఎక్కించడం, ఫెయిలైంది. బిల్డ్ అయిపోయింది, ఆకుపచ్చ టిక్ పడింది, ఆ తర్వాత కాసేపటికి పోర్ట్ (బయటివాళ్ళు అప్లికేషన్‌ను చేరే తలుపు నంబరు) కనబడలేదని ఎర్ర అక్షరాల్లో లాగ్ వచ్చింది. లాప్‌టాప్‌లో నేను వాడేది జాంగోతో వచ్చే రన్‌సర్వర్. అది 127.0.0.1 అన్న చిరునామాలో 8000 పోర్ట్ దగ్గర కూర్చుంటుంది. 127.0.0.1 అంటే ఆ యంత్రం తనతో తాను మాట్లాడుకునే చిరునామా, బయటివాళ్ళు ఎంత పిలిచినా దానికి వినపడదు. సర్వర్ మీద 0.0.0.0 దగ్గర వినాలి. పోర్ట్ కూడా ప్లాట్‌ఫామ్ చెప్పిందే తీసుకోవాలి. పైగా రన్‌సర్వర్ అసలు జనం వాడే సైట్‌కు పనికిరాదు, ఆ మాట జాంగో డాక్యుమెంటేషన్‌లోనే గట్టిగా రాసి ఉంది. దాని బదులు గునికార్న్ అనే పైథాన్ వెబ్ సర్వర్ పెట్టాను. గునికార్న్ విండోస్ మీద నడవదు కాబట్టి నా లాప్‌టాప్‌లో ముందుగా చూసుకునే వీలు లేదు. పుష్ చేయడం, లాగ్ చదవడం, మళ్ళీ పుష్ చేయడం. ఆ రాత్రి పదకొండు సార్లు పుష్ చేశాను. అప్పుడే విండోస్‌లోపల లినక్స్ పెట్టుకుని ఉంటే ఆ పదకొండూ రెండయ్యేవి. ఆ పని తర్వాత చేశాను.

సైట్ తెరుచుకున్నాక 400 ఎర్రర్. తప్పులను వివరంగా చూపించే డీబగ్ ఆపేస్తే, ఏ ఏ డొమైన్ పేర్లతో వచ్చినవాళ్ళకు జవాబివ్వాలో జాంగోకు ముందే చెప్పి ఉంచాలి, చెప్పలేదు. అది సరిచేశాక పేజీ వచ్చింది కానీ రంగులూ బాక్సులూ ఏమీ లేవు, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. డీబగ్ ఆన్‌లో ఉన్నంతకాలం రన్‌సర్వర్ పేజీ రూపురేఖలు చెప్పే నా సీఎస్ఎస్ ఫైళ్ళను తానే తెచ్చి ఇచ్చేది. ఇక్కడ ఎవరూ ఇవ్వరు. వైట్‌నాయిజ్ అనే చిన్న లైబ్రరీ చేర్చి, బిల్డ్ సమయంలో స్టాటిక్ ఫైళ్ళన్నీ ఒకచోటికి చేర్చే కమాండ్ పెడితే కుదిరింది. తర్వాత లాగిన్ చేస్తే 403. ప్లాట్‌ఫామ్ ముందున్న ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) బయటివాళ్ళతో భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌లో మాట్లాడి, లోపల నా అప్లికేషన్‌కు మామూలు హెచ్‌టీటీపీలో అందిస్తుంది. దాంతో జాంగోకు అనుమానం వచ్చి ఫారం తిప్పి పంపేస్తోంది. నమ్మదగిన చిరునామాల జాబితాలో మా సైట్ పేరును ముందు హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాస్తే ఒప్పుకుంది. ఈ మూడూ జాంగో డిప్లాయ్ చేసే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యేవే, ఒక్క సాయంత్రంలో అయిపోయాయి.

శుక్రవారం రాత్రి పిన్నికి లింక్ పంపాను. శనివారం ఉదయం వ్యాన్ వెళ్ళాక, ఎనిమిదింటికి, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని అన్నీ ఫోన్‌లో ఎక్కించింది. ఉచిత ప్లాన్ కాబట్టి 15 నిమిషాలు ఎవరూ రాకపోతే అప్లికేషన్ పడుకుంటుంది, మళ్ళీ లేవడానికి నిమిషం దాకా పడుతుంది. అది ముందే చెప్పి ఉంచాను, ఓపిగ్గా ఆగింది. శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం కూడా ఎక్కించింది. మొత్తం మూడు పూటలు, 170 పైన ఎంట్రీలు. "సేవ్ బటన్ కొంచెం పెద్దదిగా పెట్టమ్మా, వేలు పక్కకు పోతోంది" అంది. ఆదివారం మధ్యాహ్నం బటన్ పెద్దది చేసి పుష్ చేశాను. రెండు నిమిషాల్లో కొత్త వెర్షన్ నడిచింది.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, నిన్నటివి కనపడటం లేదు. నేనేమన్నా నొక్కానా?"

లాగిన్ అయి చూశాను. పాలు పోసేవాళ్ళ జాబితాలో 62 మంది ఉన్నారు. ఎంట్రీలు సున్నా. నాకు చేతులు చల్లబడ్డాయి.

జరిగింది ఇది. లాప్‌టాప్‌లో నేను వాడింది ఎస్‌క్యూలైట్. అది వేరే సర్వర్ ఏమీ అక్కర్లేని డేటాబేస్, మొత్తం ఒకే ఒక్క ఫైల్. 62 పేర్లు ఎక్కించిన ఆ ఫైల్‌ను కూడా తెలియక గిట్‌లో పెట్టేశాను. ఇలాంటి ప్లాట్‌ఫామ్‌ల మీద మనకిచ్చే డిస్క్ శాశ్వతం కాదు. కొత్త వెర్షన్ పుష్ చేసిన ప్రతిసారీ పాత కంటైనర్‌ను (అప్లికేషన్ నడిచే డబ్బా లాంటిది) తీసేసి కొత్తది పెడతారు. కొత్తదాంట్లో గిట్‌లో ఉన్నవే ఉంటాయి. నడుస్తున్నప్పుడు రాసినవేవీ ఉండవు. డిప్లాయ్ చేయకపోయినా, ఒక్క రీస్టార్ట్ చాలు అవన్నీ పోవడానికి. పిన్ని మూడు పూటలు కష్టపడి ఎక్కించిన లెక్కలు ఆ పాత కంటైనర్‌తోపాటే పోయాయి. ఈ విషయం ప్లాట్‌ఫామ్ సహాయ పేజీల్లో స్పష్టంగా ఉంది. నేను చదవలేదు. నా లాప్‌టాప్ డిస్క్ మీద రాసింది రేపటికీ ఉంటుంది కాబట్టి, డిస్క్ అంటేనే అలా ఉంటుందనుకున్నాను.

పిన్ని నోట్‌బుక్ రాయడం మానలేదు కాబట్టి సరిపోయింది. మానేసి ఉంటే 62 ఇళ్ళ మూడు పూటల పాలకు లెక్క ఉండేది కాదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో అదోలా ఉంటుంది. నేను పిన్నికి నిజం చెప్పాను: "నువ్వేం నొక్కలేదు పిన్నీ, తప్పు నాది. రెండు రోజులు నోట్‌బుక్‌లోనే రాయి. నేను చెప్పాక మొదలుపెట్టు." పోయిన ఎంట్రీలు మళ్ళీ నేనే కొడతానన్నాను. పేజీలు ఫొటోలు తీసి పంపింది. కొట్టాను.

ఇక పోస్ట్‌గ్రెస్, అంటే విడి సర్వర్‌గా నడిచే డేటాబేస్. డేటాబేస్‌ను అప్లికేషన్ నుంచి విడిగా, శాశ్వతమైన డిస్క్ మీద, రోజూ బ్యాకప్ తీసే సర్వీసుగా పెట్టాలి. ఉచితంగా ఇచ్చే డేటాబేస్‌కు గడువుంది, గడువు దాటితే తీసేస్తారు. కాబట్టి డబ్బు కట్టే ప్లానే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. పనిలో పనిగా అప్లికేషన్ కూడా పడుకోకుండా ఉండే ప్లాన్‌కు మార్చాను. కార్డు పెడితే తిరస్కరించారు. నాలుగుసార్లు ప్రయత్నించాక గుర్తొచ్చింది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 మార్చి నుంచి మన కార్డులు ఇచ్చేటప్పుడే విదేశీ చెల్లింపులకు తెరిచి ఉండవు, మనమే తెరుచుకోవాలి. బ్యాంక్ యాప్‌లో విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, దానికి ఒక చిన్న పరిమితి పెట్టాను. వెంటనే అయిపోయింది. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు కార్డు పోయిందేమోనని కంగారు పడకుండా ముందు అక్కడ చూసుకోండి.

టేబుళ్ళు సృష్టించే మైగ్రేషన్లను ప్రతి డిప్లాయ్ ముందు దానంతటదే నడిచేలా పెట్టాను. డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ అంతా ఒకే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోకి వెళ్ళింది. అంతా పనిచేసింది, కానీ పూట జాబితా పేజీ తెరవడానికి పదిహేను సెకన్లు పట్టింది. లాప్‌టాప్‌లో రెప్పపాటులో వచ్చే పేజీ అది. హడావుడిలో డేటాబేస్ తయారు చేసేటప్పుడు రీజియన్ పెట్టె చూడలేదు, అది అమెరికా పడమటి తీరంలో తయారైంది. అప్లికేషన్ సింగపూర్‌లో ఉంది. అప్లికేషన్ డేటాబేస్‌ను అడిగే ఒక్క ప్రశ్న పసిఫిక్ దాటి వెళ్ళి జవాబు తేవడానికి దాదాపు 200 మిల్లీసెకన్లు. నా కోడ్ మొదట ఎంట్రీలన్నీ తెచ్చి, ఆ తర్వాత ఒక్కో ఎంట్రీకి పేరు కోసం ఇంకో ప్రశ్న వేస్తోంది. 62 మందికి 60 పైన ప్రశ్నలు, లాగిన్‌వీ మిగతావీ కలిపి 70 పైన. గుణించి చూస్తే పదిహేను సెకన్లు ఎక్కడివో తెలిసిపోయింది. లాప్‌టాప్‌లో డేటాబేస్ పక్కనే ఉన్న ఫైల్ కాబట్టి వంద ప్రశ్నలు వేసినా బయటపడలేదు. డేటాబేస్‌ను సింగపూర్‌లో కొత్తగా పెట్టి, పేర్లు కూడా ఒకే ప్రశ్నలో వచ్చేలా కోడ్‌లో ఒక్క మాట చేర్చాను. పేజీ ఒక సెకనులోపే తెరుచుకుంది.

పిన్ని మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి నాలుగు రోజులు వ్యాన్ వెళ్ళాకే, నోట్‌బుక్ చూసి ఎక్కించింది. అన్నీ సరిగ్గా వచ్చాయి. ధైర్యం వచ్చి అయిదో రోజు ఉదయం, పాలు పోస్తుండగానే ఫోన్‌లో కొట్టడం మొదలుపెట్టింది. 5:12కి నాకు కాల్.

"ఏడో నంబరు ఆవిడ పాలు పోసింది. కొడితే ఈ పూటకు ఇప్పటికే పోశారంటోంది. ఆవిడ ఇప్పుడేగా వచ్చింది!"

మంచం మీద నుంచి లేచి లాప్‌టాప్ తెరిచాను. ఒక నంబరుకు ఒక పూటలో ఒకే ఎంట్రీ ఉండాలని డేటాబేస్‌లో నిబంధన పెట్టాను, పొరపాటున రెండుసార్లు కొట్టకుండా. ఆ నిబంధన అడ్డుపడుతోంది. పేజీ చూస్తే ఏడో నంబరుకు ఆ ఉదయం ఎంట్రీ లేదు. నాకు అర్థం కాలేదు. వరుసలో జనం నిలబడి ఉన్నారు, ఫోన్‌లో వాళ్ళ మాటలు వినపడుతున్నాయి. "నోట్‌బుక్‌లో రాసుకో పిన్నీ" అన్నాను. కాసేపటికి మళ్ళీ ఫోన్ చేసి, "ఇప్పుడు తీసుకుంటోంది, బాగైంది" అంది. నేనేమీ చేయలేదు. టైం చూస్తే 5:34.

ఆ రోజంతా ఆఫీసులో అదే టెన్షన్. దానంతటది బాగైన తప్పు మళ్ళీ దానంతటదే వస్తుంది. సాయంత్రం ఇంకోటి: అయిదుంబావుకు పోసిన పాలు తీసుకోనంటోంది, అయిదున్నర తర్వాత తీసుకుంటోంది. కూకట్‌పల్లి వెళ్ళే బస్సులో నిలబడి ఆలోచిస్తుంటే అయిదున్నర అన్న మాట దగ్గర మనసు ఆగింది. ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీ కంటే మన గడియారం 5 గంటల 30 నిమిషాలు ముందు. మీర్జాపూర్ మీదుగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి మన దేశానికి పెట్టిన కాలమది. చిన్నప్పుడు సోషల్ పాఠంలో చదివినదే.

సర్వర్ యూటీసీలో ఉంది. మనకు ఉదయం 5:12 అయితే దానికి నిన్న రాత్రి 11:42. కాబట్టి తారీఖు నిన్నటిది వేసింది. నా కోడ్‌లో మధ్యాహ్నం పన్నెండు లోపైతే ఉదయం పూట, దాటితే సాయంత్రం పూట. 11:42 రాత్రి అంటే సాయంత్రం పూట. ఏడో నంబరు ఆవిడ నిన్న సాయంత్రం నిజంగానే పాలు పోసింది. అందుకే రెండోసారి వద్దంది. ఇక సాయంత్రం 5:15 అంటే దానికి ఉదయం 11:45, ఇంకా పన్నెండు దాటలేదు, కాబట్టి ఉదయం పూట. అయిదున్నర దాటగానే తారీఖూ పూటా రెండూ సర్దుకుంటాయి. మొదటి రోజుల్లో పిన్ని ఎనిమిదింటికి ఎక్కించింది కాబట్టే ఇది దాక్కుంది.

మరి లాప్‌టాప్‌లో ఎందుకు రాలేదు? జాంగో సెట్టింగ్స్‌లో టైం జోన్ మొదటి నుంచీ యూటీసీ అనే ఉంది, నేను మార్చలేదు. లినక్స్ మీద జాంగో ఆ సెట్టింగ్‌ను మొత్తం ప్రోగ్రామ్‌కు వర్తింపజేస్తుంది. విండోస్ మీద అలా చేయడం దానికి కుదరదు. అందుకని ఈరోజు తారీఖు ఎంత అని పైథాన్‌ను అడిగితే, విండోస్ గడియారం చూసి మన తారీఖే చెప్పేది. నా సెట్టింగ్ తప్పుగా ఉన్నా లాప్‌టాప్ సరైన జవాబిచ్చింది.

ఎర్రర్ వచ్చిన ఎంట్రీలతో బాధ లేదు, అవి నోట్‌బుక్‌లో ఉన్నాయి. నన్ను భయపెట్టినవి ఎర్రర్ రానివి. ముందు రోజు సాయంత్రం పాలు పోయనివాళ్ళు ఉదయం అయిదున్నర లోపు వస్తే, వాళ్ళ పాలు నిశ్శబ్దంగా నిన్నటి సాయంత్రం కింద పడిపోయి ఉంటాయి. అలాగే ఉదయం పోయకుండా సాయంత్రం ముందుగా వచ్చినవాళ్ళవి. వాటిని వెతకడానికి ఒక దారి దొరికింది. ప్రతి ఎంట్రీకీ అది సేవ్ అయిన క్షణాన్ని కూడా విడిగా దాస్తున్నాను, ఆ క్షణం టైం జోన్‌తో సహా సరిగ్గానే పడింది. దాన్ని భారత కాలంలోకి మార్చి, తారీఖూ పూటా మళ్ళీ లెక్క కట్టి, డేటాబేస్‌లో ఉన్నదానితో పోల్చాను. 11 ఎంట్రీలు తేడా వచ్చాయి. సరిచేసే ముందు ఆ 11 నంబర్లూ పిన్నికి చదివి వినిపించాను, నోట్‌బుక్‌లో ఒక్కొక్కటీ చూసి అవునంది. అప్పుడే మార్చాను. సెట్టింగ్‌లో టైం జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టి, తారీఖును పైథాన్‌ను కాకుండా జాంగోనే అడిగేలా కోడ్ మార్చాను. ఉదయం 5:10, సాయంత్రం 5:10 రెండింటికీ టెస్టులు రాశాను. ప్రతి పుష్‌కూ ముందు అవి నడుస్తాయి.

బిల్లు రోజు దగ్గరపడింది. బిల్లు పీడీఎఫ్ తెలుగులో రావాలి. అంకెలు అందరూ మామూలు 1, 2, 3లే చదువుతారు, పేరు మాత్రం తెలుగులో ఉండాలి. మొదట వాడిన పీడీఎఫ్ లైబ్రరీ తెలుగు వత్తులను కలపలేకపోయింది, కృష్ణ అన్న పేరులో షకారం ఒకచోట, ణ వత్తు ఇంకోచోట పడేవి. అందుకని వీజీప్రింట్ అనే ఇంకో లైబ్రరీకి మారాను. అది పాంగో అనే అక్షరకూర్పు లైబ్రరీ సాయంతో అక్షరాలు కూరుస్తుంది కాబట్టి వత్తులు చక్కగా వస్తాయి. లాప్‌టాప్‌లో చూసి మురిసిపోయాను. బిల్లుకు ముందు రోజు రాత్రి సర్వర్ మీద ఒకటి తీసి చూద్దామనుకున్నాను. ముందు పాంగోనే లేదని ఆగిపోయింది. కావలసిన లినక్స్ ప్యాకేజీలన్నీ వరుసగా రాసి డాకర్ ఇమేజ్ (అప్లికేషన్‌నూ దానికి కావలసినవాటినీ కలిపిన మూట) తయారు చేశాను. ఈసారి పీడీఎఫ్ వచ్చింది. అంకెలున్నాయి, గీతలున్నాయి, పేరు ఉండాల్సిన చోట ఖాళీ పెట్టెలు.

లాప్‌టాప్‌లో విండోస్‌తో వచ్చిన నిర్మల ఫాంట్ ఆ పేర్లు రాసిపెడుతోంది. సర్వర్ మీద ఒక్క తెలుగు ఫాంట్ కూడా లేదు. ఉచితంగా వాడుకోగల తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. నేను మండలి ఫాంట్ తీసుకున్నాను. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకటకృష్ణారావు గారి పేరు పెట్టిన ఫాంట్ అది. ఫాంట్ ఫైల్‌ను ప్రాజెక్టులోనే పెట్టి, బిల్లు టెంప్లేట్‌లో దాని దారి రాశాను. ఏ యంత్రం మీద నడిచినా ఇప్పుడు అక్షరం మాతోనే వస్తుంది. రాత్రి ఒంటిగంటకు 62 బిల్లులూ తీసి, పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివాను.

మర్నాడు పిన్ని నోట్‌బుక్‌లో కూడా కూడింది, యాప్‌ను నమ్మక కాదు, మొదటిసారి కదా. 62లో 60 సరిపోయాయి. రెండింటిలో తేడా. ఒకటి నోట్‌బుక్ కూడికలో పొరపాటు. రెండోది నేను మళ్ళీ కొట్టిన ఆ మూడు పూటల్లోది. ఫొటోలో 6.8 ఫ్యాట్‌ను 6.3గా చదివాను. ఆ ఇంటాయనకు రావలసిన డబ్బు తగ్గింది. బిల్లు ఇవ్వకముందే దొరికింది కాబట్టి సరిచేసి కొత్తది తీశాం.

డొమైన్ పేరు తర్వాత కొన్నాను. పేరును సర్వర్‌కు కలిపే డీఎన్ఎస్‌లో ఒక వరుస చేర్చితే, హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ప్లాట్‌ఫామే తెచ్చుకుంది, గంటలో అయిపోయింది.

బ్యాకప్ మాత్రం ప్లాట్‌ఫామ్ తీసే దానితో నేను సరిపెట్టుకోలేదు. ప్రతి ఆదివారం డేటాబేస్ మొత్తాన్ని పోస్ట్‌గ్రెస్ పనిముట్టు పీజీ డంప్‌తో నా లాప్‌టాప్‌లోకి దించుకుంటాను. మొదటి ఆదివారం అది పనిచేయనంది. సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ 16, నా లాప్‌టాప్‌లో ఉన్న పనిముట్టు 14. తనకంటే కొత్త సర్వర్ నుంచి అది దించదు. కొత్తది పెట్టుకున్నాక దిగింది. దించి ఊరుకోను. దాన్ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, ఆ వారం ఎంట్రీల సంఖ్య చూసి, ఏదో ఒక నంబరు బిల్లు తీసి పిన్ని నోట్‌బుక్‌తో పోలుస్తాను. పిన్ని ఫోన్‌లోంచి ఆ పేజీ ఫొటో పంపుతుంది. నోట్‌బుక్ రాయడం ఆపమని నేను చెప్పలేదు, తనూ ఆపలేదు. పెద్దగా కూడేది ఏమీ లేదు కాబట్టి ఇప్పుడు అంకెలు మాత్రం రాస్తుంది. బిల్లు ముందు రాత్రి పదింటికల్లా పడుకుంటోంది.

పోయిన ఆదివారం నేను ప్రయాణంలో ఉండి దించలేదు. రాత్రి తొమ్మిదింటికి పిన్నే ఫోన్ చేసింది. "అమ్మాయ్, ఇవాళ నన్ను ఫొటో అడగలేదేం?"

బస్సు దిగగానే ఇంటికెళ్ళి లాప్‌టాప్ తెరిచాను. పిన్ని ఈసారి నలభై ఒకటో నంబరు పేజీ పంపింది.